ఓడినవాడు గోనె లాగాలి

జనవరి 19, సోమవారం

క్లబ్బు పని ఒకటి ఒప్పుకున్నాను. ఇంటి లెక్కల పుస్తకంలో దీనికి చోటు లేదు. అందుకని ఈ డైరీ. నల్ల అట్టది, బీరువాలో ఊరికే పడి ఉంది.

సాయంత్రం కిషోర్ బాబు వచ్చాడు. పోర్టులో క్లియరింగ్ ఏజెంటు, ఈ ఏడాది గోల్ఫ్ క్లబ్బుకు కెప్టెన్. టీ తాగుతూ అసలు సంగతికి వచ్చాడు.

“అక్కా, హ్యాండీక్యాప్‌లు చూసే ఆయన వైజాగ్‌కు బదిలీ అయిపోయినాడు. క్లబ్బులో అందరూ ఆడేవాళ్లే. ఎవురి చేతికిచ్చినా రెండోవాడికి అనుమానం. మీరు ఆడరు. పైగా లెక్కల మనిషి.”

“మా ఆయన ఆడతాడు గదా?”

“హెబ్రోనన్న మీద ఎవురికి అనుమానం వస్తాది? ఇరవై ఏళ్లుగా ఓడిపోతానే ఉండాడు.”

ఆయన పక్కనే కూర్చుని పేపరు చూస్తున్నారు. నవ్వారు.

హ్యాండీక్యాప్ అంటే ఏమిటని అడిగాను. “ఈదిలో పిల్లకాయలు పరుగు పందెం పెట్టుకుంటే చిన్నవాణ్ణి నాలుగడుగులు ముందర నిలబెడతారే, అదే. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాడు గెలుస్తాడు. సరిగా ఆడలేని వాడికి కొన్ని దెబ్బలు మాఫీ చేస్తాం. ఎవురికి ఎన్ని మాఫీ అనేదే హ్యాండీక్యాప్. బాగా ఆడేవాడికి చిన్న అంకె, ఆడలేనివాడికి పెద్ద అంకె. ఆ అంకె చెప్పేది మీరు. అప్పుడు పెద్దవాడూ చిన్నవాడూ సమానంగా ఆడొచ్చు.”

“పెద్దవాడు మోకాళ్లు వంచి చిన్నవాడి మాదిరి నిలబడితే?”

కిషోర్ బాబు పగలబడి నవ్వాడు. “అందుకే గదక్కా మిమ్మల్ని పెట్టుకుంటా ఉండేది.”

జనవరి 21, బుధవారం

అందరి పాత స్కోరు కార్డులు తెచ్చి వరస చేసుకున్నాను. వాటిలోని దెబ్బల లెక్క నుంచే అంకె తీయాలి. ప్రతి కార్డు కింద ఆడినవాడి సంతకం, పక్కన చూసినవాడి సంతకం. రెండు సంతకాలు ఉంటే ఇక అనుమానించడానికి ఏముంది? ఆయన అంకె ఇరవై రెండు. చాలా ఏళ్లుగా అదే.

జనవరి 24, శనివారం

ఇన్నేళ్లు ఈ క్వార్టర్స్‌లో ఉండి ఆట మొత్తం ఎప్పుడూ చూడలేదు. ఈ రోజు చూశాను. చూసిన దాని గురించి రాయకుండా పడుకోలేను.

సరుగుడు తోపుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుక నేల అది. ఒక పక్క మా ఆయన పనిచేసే కరెంటు ప్లాంటు చిమ్నీలు, ఇంకో పక్క పోర్టు క్రేన్లు. సముద్రంలో వంతు కోసం ఎదురుచూసే ఓడలు, ఎవరో ఇస్త్రీ చేసి వరసగా పెట్టినట్టు. ఉప్పుగాలికి ఇక్కడ గడ్డి నిలవదు. అందుకని గుంటల చుట్టూ పచ్చిక బదులు నూనె కలిపిన ఇసుకను చదును చేసి ఉంచుతారు. దాన్ని బ్రౌన్ అంటారు. నలుగురు నడిస్తే పాదాల గుర్తులు పడతాయి. అందుకని తాడు కట్టిన గోనెపట్ట ఒకటి పక్కన ఉంచి, ఆట ముగించగానే దాన్ని లాగి చదును చేసి పోవాలి. ఎవరు లాగాలి అనేదానికి ఈ క్లబ్బులో ఒకటే ఆచారం. ఆ గుంట దగ్గర ఎవరు ఓడితే వారే.

బంతి పైకి లేచినప్పుడు నేను తలెత్తి చూస్తూ ఉండిపోయాను. అంత చిన్న వస్తువు అంత ఆకాశాన్ని వాడుకుంటుందని తెలియదు. పైన ఒక్క క్షణం ఆగుతుంది. నిజంగా ఆగుతుందా, నాకే అలా కనబడిందా అని విజయకుమారిని అడిగాను. విజయకుమారి ప్లాంటు బడిలో లెక్కల టీచరు, క్లబ్బులో ఆడే ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు. “నాకూ ఆగినట్టే ఉంటది వదినా, లెక్కల ప్రకారం ఆగగూడదు” అంది.

ఆయన ఆట బాగా సాగలేదు. దూరపు దెబ్బలు ఫరవాలేదు. గుంట దగ్గరకు వచ్చి చిన్నగా తోసే దెబ్బ, పుట్ అంటారు, అదే పోయింది. మళ్లీ మళ్లీ గుంట అంచున పోయింది. ప్రతిసారీ ఆయనే గోనె లాగారు.

“ఈ బ్రౌన్‌లన్నీ ఇంత నున్నగా ఉండాయంటే హెబ్రోనన్న పుణ్యమే” అన్నారు ఎవరో. “రిటైరయిపోతే క్లబ్బుకు మనిషిని పెట్టుకోవాల” అన్నారు ఇంకొకరు. ఆయన కూడా నవ్వారు. నిజానికి ఆయన గోనె లాగే పద్ధతి చూడదగ్గది. గుంట నుంచి మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ, చుట్లు చుట్లుగా బయటికి వస్తారు. చివరికి తన అడుగు కూడా మిగలదు.

గాలి బాగా ఉంది. అందుకే పుట్‌లు పోయాయి.

జనవరి 31, శనివారం

కెప్టెన్స్ కప్పు మొదలైంది. ఇద్దరిద్దరుగా ఆడి, ఓడినవారు తప్పుకోవాలి. చివరికి మిగిలినవారి పేరు క్లబ్బు హాల్లో టేకు బోర్డు మీద బంగారు రంగుతో రాస్తారు. ఆ బోర్డు మీద ఉన్న పేర్లన్నీ ఆఫీసర్లవి. పాత జనరల్ మేనేజరు గారి పేరే ఎక్కువసార్లు.

ఆయన గెలిచారు. పుట్‌లు పడ్డాయి. ప్రార్థన చేసుకునే వెళ్లాను. మార్చి ఆఖరున రిటైరవుతున్నారు. క్వార్టర్స్ ఖాళీ చేసి కొడవలూరులో మేం కట్టుకున్న ఇంటికి పోతాం. ఇక్కడ మేం ఉన్నామనడానికి ఏదో ఒకటి మిగిలితే బాగుంటుందని నాకూ ఉంది. ఆ బోర్డు మీద ‘హెబ్రోను’ అన్న మూడక్షరాలు ఎలా ఉంటాయో కళ్ల ముందు పెట్టుకుని చూశాను.

గాలి తక్కువగా ఉంది.

ఫిబ్రవరి 3, మంగళవారం

మోకాలి నొప్పికని ఆయన తెల్లవారకముందే నడకకు పోతున్నారు. తిరిగి వచ్చినప్పుడు చెప్పుల నిండా నూనె ఇసుక. మేడ మెట్లు రెండుసార్లు కడిగాను.

ఫిబ్రవరి 7, శనివారం

సెమీఫైనల్. ఆయనా విజయకుమారీ. ఆయనే గెలిచారు, తేలిగ్గా. ఆమెకు పన్నెండు, ఆయనకు ఇరవై రెండు కాబట్టి పద్దెనిమిది గుంటల్లో పదింటి దగ్గర ఆయనకు ఒక్కో దెబ్బ మాఫీ. ఒక్క పుట్ కూడా పోలేదు.

విజయకుమారి చివరి గోనె లాగి, చేతులు దులుపుకుని నా పక్కన కూర్చుంది.

“వదినా, ఒకటి చెప్పనా? అన్నకు మామూలు శనివారాల్లో గాలి అడ్డమొస్తాది. కప్పు రోజున మాత్రం గాలి కూడా పక్కకు తప్పుకుంటాది.”

“దేవుని దయ” అన్నాను.

“అయితే మీ దేవుడికి కప్పు తేదీలు బాగా తెలుసు.”

నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వాను. ఓడిపోయిన కోపం కొంచెం ఉండటం సహజమే.

ఇంకో సెమీఫైనల్‌లో పెంచలయ్య గెలిచాడు. పోర్టులో క్రేను ఆపరేటరు. క్లబ్బులో ఆపరేటర్లకు సభ్యత్వం ఇవ్వడం మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు. ఇంత దాకా వచ్చినవాడు ఇతనే.

ఫిబ్రవరి 10, మంగళవారం

నిదానంగా రాయాలి. జరిగింది జరిగినట్టు.

తెల్లవారుతుండగా ఆయన ఫోను మోగింది. బల్లమీద మరచిపోయి వెళ్లారు. షిఫ్ట్ ఇన్‌ఛార్జి. బాయిలర్ ట్యూబు దగ్గర ఏదో లీకేజీ, సారును వెంటనే పిలవమన్నాడు. ఫోను తీసుకుని సరుగుడు తోపులో నుంచి అడ్డంగా నడిచాను. ఆయన సముద్రం ఒడ్డున నడుస్తుంటారని నా లెక్క.

తోపు చివర ఐదో గుంట. ఇసుక దిబ్బ మీద, సముద్రానికి అతి దగ్గరగా ఉన్నది. అక్కడ ఎవరో ఆడుతున్నారు. వెలుతురు ఇంకా పూర్తిగా రాలేదు. ఓడల దీపాలు ఆరలేదు. ఎవరో కుర్రవాడు, కంపెనీకి కొత్తగా వచ్చిన ఇంజనీరు అయి ఉంటాడనుకున్నాను. విసురువల వేసేవాడు ఒడ్డున నిలబడి ఒళ్లంతా ఒకసారి తిప్పి వదిలితే, వల గాల్లో గుండ్రంగా విచ్చుకుంటుంది చూడండి, ఆ కర్ర తిరగడం అలా ఉంది. తొందర లేదు. బలం పెట్టినట్టు కూడా లేదు. చప్పుడు కూడా శనివారాలు వినే చప్పుడు కాదు. ముదురు కొబ్బరికాయ ఒక్క దెబ్బకు రెండు చెక్కలయినట్టు. బంతి చీకట్లో నుంచి లేచి, పైన వెలుతురు ఉన్న చోటికి పోయి, తెల్లగా మెరిసి, అక్కడ ఆగింది. ఈసారి నిజంగా ఆగింది. నేను చూశాను. తర్వాత గుంట పక్కనే మెత్తగా దిగింది.

నా ఒళ్లు గగుర్పొడిచింది. చర్చిలో అందరూ కలిసి పాడేటప్పుడు ఒక్కోసారి అలా అవుతుంది.

అతను కర్ర భుజాన వేసుకుని దిబ్బ ఎక్కాడు. మోకాలి దగ్గర కొంచెం ఆగి ఎక్కాడు. అప్పుడు తెలిసింది.

ముప్పై ఏళ్లుగా ఆ భుజాల మీది చొక్కాలు నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఆ భుజాల్లో ఇది ఉందని నాకు తెలియదు.

బ్రౌన్ మీద బంతులు చుట్టూ పరచి ఒక్కొక్కటే తోశారు. అన్నీ పడ్డాయి. గుంటకు వాటి దారి ముందే తెలిసినట్టు పడ్డాయి. ఆ తర్వాత గోనె అందుకున్నారు. గుంట నుంచి మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ, చుట్లు చుట్లుగా. అంతా అయ్యాక అక్కడ ఎవరూ ఆడనట్టే ఉంది.

చేతిలో ఫోను మళ్లీ మోగింది. నొక్కి ఆపేశాను. ఆయన తిరిగి చూసేలోపు తోపులోకి వచ్చేశాను. ఇంటికి వచ్చాక, ఫోను వచ్చిందని చెప్పాను. ఎక్కడికి వెళ్లావని ఆయన అడగలేదు. నా చెప్పులకు కూడా ఇసుక ఉంది.

ఫిబ్రవరి 11, బుధవారం

పిండి రుబ్బి మూత పెట్టడం మరచిపోయాను. నేను మరచిపోయాను.

ఫిబ్రవరి 12, గురువారం

మళ్లీ వెళ్లాను. తోపులోనే నిలబడ్డాను. నిన్న కూడా వెళ్లాను, నిన్న రాయలేదు.

ఉదయం పూట గాలి ఉండదు. ఎవరూ చూడరు కాబట్టి బెదురు ఉండదు. ఒంటరిగా ఆడేటప్పుడు ఎవరైనా బాగానే ఆడతారేమో. నేను కూడా ఒంటరిగా ఉన్నప్పుడే బాగా పాడతాను.

ఎవరైనా తప్పు చేయడం చూసినప్పుడు నాకు కోపం రావాలి. ఇక్కడ రాలేదు. అంత అందమైన దాన్ని చూసి కోపం తెచ్చుకోవడం ఎలాగో తెలియలేదు.

ఫిబ్రవరి 14, శనివారం

పెంచలయ్య ఇంటికి వచ్చాడు. వాళ్ల ఊరి పడవ వచ్చిందట, చందువా చేపలు తెచ్చాడు. ఆయన డ్యూటీలో ఉన్నారు.

“సారుకు లంచం గాదక్కా. ఫైనల్లో సారును ఓడించినాక మీ ఇంటికి రానిస్తారో రానియ్యరో అని ముందే తెచ్చినా.”

కూర్చోమన్నాను. సెమీఫైనల్‌లో బాగా ఆడాడు కాబట్టి పద్ధతి ప్రకారం నేను అతని అంకెను పన్నెండు నుంచి పదకొండుకు తగ్గించాను. ఆయన అంకె మాత్రం ఇన్నేళ్ల పాత కార్డుల బరువుకు కదలలేదు. ఆ సంగతి ఎత్తాడు.

“ఏందక్కా, బాగా ఆడిన ప్రతిసారీ కోత కోస్తా ఉండారు. మా ఆవిడ అడగతా ఉండాది, బాగా ఆడినందుకు జీతం కోసే కంపెనీ ఏందబ్బా అది అని.”

“బాధగా ఉందా?”

“లేదక్కా. చిన్న అంకె అయితే గొప్పే గదా. పద్దెనిమిదితో మొదలుపెట్టినా. ఇప్పుడు పదకొండు. క్రేన్ల మీద అందరికీ చెప్పుకున్నా.” చేపల సంచి ముడి విప్పుతూ అన్నాడు. “ఆ బోర్డు మీద ఇప్పటిదాకా ఆపరేటర్ పేరు లేదు. సారును ఓడించడం కుదరదులే. ఇరవై రెండుకి పదకొండు. సగం గుంటలకు పైన సారుకు మాఫీనే. సారు బాగా ఆడతా ఉండాడు ఈ మధ్య. అయినా పోరాడతా.”

ఆ చేపలు వండాను. ఆయనకు చాలా నచ్చాయి. నా వంతు కూడా ఆయనకే వడ్డించాను.

ఫిబ్రవరి 16, సోమవారం

ఉదయం దోసె వేసి పెట్టి, ఆయన ఎదురుగా కూర్చున్నాను. మామూలుగా కూర్చోను.

“ఐదో గుంట దగ్గర చూసినా మిమ్మల్ని.”

ఆయన తుంచిన దోసె ముక్క కారంలో అద్దుతూ ఆగారు. తర్వాత అద్దారు.

“గాలి లేని పూట గదా” అన్నారు.

“నేను కూడా అదే రాసుకున్నా. శనివారం శనివారం రాసుకున్నా.”

తినడం అయ్యాక కూడా చెయ్యి కడుక్కోకుండా కూర్చున్నారు. అప్పుడు చెప్పారు. ఈ ప్లాంటుకు వచ్చిన మొదటి ఏడు పెద్ద సారుతో, అదే పాత జనరల్ మేనేజరుతో, ఆడి గెలిచారట. నేను అప్పుడు ప్రసవానికి అమ్మావాళ్ల ఊళ్లో ఉన్నాను.

“ఎవురూ ఏమీ అనలా. ఆ ఏడు ప్రమోషన్ వేరేవాడికి పోయింది, అంతే. దానికీ దీనికీ సంబంధం ఉండాదో లేదో దేవుడికే తెలుసు. నాకు నేనే అర్థం చేసుకున్నా. ఆ తర్వాత ఓడిపోవడం నేర్చుకున్నా.”

“నేర్చుకునేదేముంది ఓడిపోవడానికి?”

“గెలవడం కంటే కష్టం ఫేబీ, కనపడకుండా ఓడిపోవడం. పుట్ గుంట పక్కగా రెండు వేళ్ల ఎడంతో పోవాల. మూడు వేళ్లు పోతే అనుమానం. ఒక వేలు పోతే పొరపాటున పడిపోతాది. ప్రతిసారీ రెండు వేళ్లు.” అంటూ రెండు వేళ్లు చూపించారు. కారం అంటిన వేళ్లు. “అట్టా తోయాలంటే ముందు గుంటలో పడే దారి తెలియాల. అది తెలిసినాక పక్కకు తప్పించాల. సారుకు ఎప్పుడూ తెలియలా.”

ఇరవై ఏళ్ల పాటు. ప్రతి శనివారం.  తప్పు అని తెలుస్తూనే ఉంది. అయినా అంత ఓపిక, అంత నేర్పు ఒక మనిషి తనను తాను దాచుకోవడానికి వాడాడు.

“పెద్ద సారు పోయి రెండేళ్లయింది” అన్నాను చివరికి.

“పోయినాడు. ఇప్పుడు నాకు నేను ఆడుకుంటా. ఇన్నేళ్లు వాళ్లకు ఇచ్చింది, ఒక్కసారి తిరిగి తీసుకుంటా. ఒక్క పేరు, ఒక్క బోర్డు మీద. నీకు మాత్రం ఇష్టం లేదా?”

“ఉండాది. పెంచలయ్య మీ దగ్గర ఏం తీసుకున్నాడు?”

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు. మీ అంకె తగ్గిస్తానని చెప్పాను. చెప్పులు వేసుకుని డ్యూటీకి వెళ్లారు.

ఫిబ్రవరి 18, బుధవారం

ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు ఈ రోజుతో మొదలు. చర్చి నుంచి నేరుగా కిషోర్ బాబు ఆఫీసుకు వెళ్లాను. కార్డులతో పనిలేకుండా, కంటితో చూసినదాన్ని బట్టి కూడా అంకె తగ్గించవచ్చని క్లబ్బు నియమాల్లో ఉంది. అది చూపించాను. ఎవరి అంకె అని అడిగాడు. చెప్పాను.

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. ఆశ్చర్యపోలేదు. అది చూసి నేనే ఆశ్చర్యపోయాను.

“అక్కా, నెలన్నరలో రిటైర్ అయిపోయే మనిషి. పోనీండి. అందరికీ కొంచెం కొంచెం తెలుసు. ఎవురూ ఏమీ అనరు.”

“ఎవురూ ఏమీ అనరనే ఇంత దూరం వచ్చింది.”

“అన్నకు చెప్పినారా?”

“చెప్పినా. సరేననలేదు, వద్దనలేదు.”

“ఎంత పెడదాం?”

నేను చూసింది ఒక్క గుంటే. చీకట్లో, తోపులో నుంచి. చూసినంతవరకే చెప్పగలను. పన్నెండు అన్నాను. 

ఇంటికి వచ్చాక ఆయన మజ్జిగ అడిగారు, ఇచ్చాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఫైనల్‌కు అంకెల కాగితం క్లబ్బు నోటీసు బోర్డు మీద నేనే అతికించాను. ‘హెబ్రోను, పన్నెండు. పెంచలయ్య, పదకొండు. కమిటీ నిర్ణయం.’ సాయంత్రం జనం వచ్చే వేళ. చదివినవాళ్లు నావైపు చూసి, చూపు తిప్పుకున్నారు. విజయకుమారి వచ్చి నా పక్కన నిలబడింది. 

ఆయన డ్యూటీ బట్టలతోనే వచ్చారు. జనం దారి ఇచ్చారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, చదివారు. ఇరవై రెండు నుంచి పన్నెండు అయితే ఎవరికైనా అర్థమవుతుంది. ఇంత మంది ముందు మాట ఏదైనా అంటే నేను ఎక్కడికి పోవాలా అని చూసుకున్నాను.

ఆయన జేబులో పెన్ను తీశారు. పన్నెండు కొట్టేశారు. పక్కన పది వేశారు. కింద సంతకం పెట్టారు, ఆఫీసు ఫైళ్ల మీద పెట్టినట్టు, పూర్తి పేరుతో.

పెన్ను మూత పెడుతూ నాతో అన్నారు. “నువ్వు చూసింది ఒక్క గుంటే. మిగతావి ఇంకా బాగా ఆడతా.”

వెనక నుంచి పెంచలయ్య గొంతు వినిపించింది. “అయితే సార్, ఇప్పుడు నాకే ఒక దెబ్బ మాఫీ.”

“నీకే అబ్బయ్యా” అన్నారు ఆయన. “ఐదో గుంట దగ్గర. అదే కష్టమైంది.”

ఇంటికి కలిసే నడిచి వచ్చాం.  

ఫిబ్రవరి 28, శనివారం

ఇంతమంది క్లబ్బుకు రావడం నేను చూడలేదు. పోర్టు షిఫ్టు దిగిన ఆపరేటర్లు హెల్మెట్లతోనే వచ్చి తోపు అంచున నిలబడ్డారు. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. చిమ్నీ పొగ నిటారుగా లేచింది.

ఆయన మొదటి దెబ్బ కొట్టారు. ఆ చప్పుడు. విసురువల లాంటి ఆ తిరుగుడు. బంతి పైకి పోయి ఆగింది. నా పక్కన ఎవరో “ఓరి నాయనా” అని నెమ్మదిగా అన్నారు. ఇరవై ఏళ్లుగా ఈయనతో ఆడినవాళ్లు ఈయనను మొదటిసారి చూస్తున్నారు. నేను వాళ్ల ముఖాలు చూశాను. నేను తోపులో నిలబడి చూసినప్పుడు నా ముఖం అలాగే ఉండి ఉంటుంది.

పెంచలయ్య కూడా తక్కువవాడు కాదు. గుంట గుంటకూ పోరు. ఐదో గుంట దగ్గర అతనికి మాఫీ ఉండి కూడా ఆయనే గెలిచారు. దూరం నుంచి తోసిన పుట్ దిబ్బ వాలు మీద వంపు తిరిగి వచ్చి పడింది. ఆయన అలవాటుగా పోయి గోనె తాడు అందుకున్నారు.

“సార్, అది నాది” అన్నాడు పెంచలయ్య. “ఓడింది నేను గదా.”

తాడు ఇచ్చేశారు. అతను గోనె లాగుతుంటే ఆయన పక్కన నిలబడ్డారు. చేతులు ఏం చేయాలో తెలియలేదు. జేబుల్లో పెట్టుకున్నారు, తీశారు, వెనక కట్టుకున్నారు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

చివరి గుంటకు వచ్చేసరికి ఇద్దరూ సమానం. పెంచలయ్య ముందు ముగించాడు. ఆయనకు ఒక పుట్ మిగిలింది. నా చీపురంత దూరం కూడా లేదు. అది పడితే సమానం, ఆట ఇంకో గుంటకు పోతుంది.

తోశారు. బంతి గుంట కుడి పక్కగా పోయింది.

రెండు వేళ్లు.

ఆయన బంతి వైపు చూడలేదు. తన చేతుల వైపు చూసుకున్నారు, ఎవరివో అన్నట్టు. తర్వాత వెళ్లి పెంచలయ్య చెయ్యి పట్టుకుని ఊపారు. హెల్మెట్లు గాల్లోకి లేచాయి. పెంచలయ్య గోనె వైపు నడవబోయాడు.

“నేను లాగతా సార్, ఈ ఒక్కటీ.”

“ఉండు. ఓడినవాడే గదా లాగాల్సింది.”

గుంట నుంచి మొదలుపెట్టారు. వెనక్కి నడుస్తూ, చుట్లు చుట్లుగా. జనం అరుపులు ఆపేసి చూశారు. చివరి చుట్టు బయటికి వచ్చాక ఆ ఇసుక అప్పుడే కడిగి ఆరబెట్టిన పళ్లెంలా ఉంది. ఎవరూ దాని మీద అడుగు పెట్టలేకపోయారు.

ఇంటికి వచ్చాక చెప్పులు విప్పుతూ అన్నారు. “ఫేబీ, అది నేను వదలలా. వేయాలనే తోసినా. చేతికి అలవాటయిపోయినాది.”

“తెలుసు” అన్నాను. నమ్మాను అని రాస్తున్నాను.

ఈ రోజు గాలి లేదు.

మార్చి 1, ఆదివారం

చర్చి నుంచి వస్తూ క్లబ్బు ముందు ఆగాం. బోర్డు మీద పెంచలయ్య పేరు రాస్తున్నారు. చివరి ఒత్తు పెట్టే దాకా ఆయన నిలబడి చూశారు.

మార్చి 14, శనివారం

మామూలు శనివారం. కప్పు లేదు, చూసేవాళ్లు లేరు. ఆయన కార్డు తెచ్చి నా ముందు పెట్టారు. కింద ఆయన సంతకం, పక్కన విజయకుమారి సంతకం. దాని పక్కన ‘నా కళ్లతో చూశాను’ అని రాసింది.

రెండుసార్లు లెక్క వేశాను. కొత్త అంకె తొమ్మిది.

రోజంతా గాలి. సరుగుడు చెట్లు వంగిపోయాయి, క్లబ్బు జెండా చిరిగింది, ఇంట్లో కిటికీ తలుపులు కట్టినా నిలవలేదు. అంత గాలి.